పళ్ళెం మచ్చ

హెర్న్‌డన్,
10 ఫిబ్రవరి 2025

శ్రీమతి జానకీదేవి గారికి,

ప్రియమైన అక్కా అని రాద్దామనే కూర్చున్నాను. చెయ్యి రాలేదు. అందుకని గారు తగిలించాను. ఒక కడుపున పుట్టినవాళ్ళ మధ్య ఈ గారు ఏమిటని నొచ్చుకుంటావు. నొచ్చుకో.

నీ నంబర్ బ్లాక్ చేశాను, వాట్సాప్‌లో కూడా. మనోహర్‌కి ఫోన్ చేసి "దాన్నొక్కసారి మాట్లాడమను" అని బతిమాలుతున్నావట. మా ఆయన మెత్తని మనిషి, నీ ఏడుపు విని తనూ ఏడ్చాడు. ఫోన్ తీస్తే నువ్వు అరగంట ఏడుస్తావు, చివరికి కాలు కోయించుకున్న నేనే "ఊరుకో అక్కా" అనాలి. ఆ ఓపిక నాకు లేదు. చెప్పాల్సింది ఉంటే కాగితం మీద రాసి స్టాంపు అంటించి పంపు. తెలుగులో రాయి. ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు ఇక్కడ కావలసినంతమంది ఉన్నారు.

మనోహర్ నీకు ముక్కలు ముక్కలుగా చెప్పి ఉంటాడు. నేను సాంతం చెబుతాను, విను. డిసెంబర్‌లో ఎడమ అరికాల్లో ఉన్న మచ్చ పగిలి సాక్సుకి రక్తం అంటింది. డాన్స్ చేసే ఇత్తడి పళ్ళెం అంచు కోసుకుందనుకుని పసుపు అద్దాను. రెండు వారాలైనా మానలేదు. మా అమ్మాయి నైనిక వినకుండా డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళింది. బయాప్సీ తీసి మెలనోమా అన్నారు. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే కేన్సరట. ముప్పై ఏళ్ళు మెలనోమా ల్యాబ్‌లో పనిచేసిన అక్క ఉండగా, ఆ మాటకి అర్థం నాకు పాతికేళ్ళ నర్సు చెప్పింది.

జనవరి ఇరవై రెండున ఆపరేషన్ అయింది. బొటనవేలి కింద మెత్తటి చోట చిన్న పూరీ అంత మేర కోసి తీసేశారు. తొడ మీది చర్మం తెచ్చి అక్కడ అతికించారు. గజ్జల్లో ఒక లింఫ్ గ్రంథి తీసి చూస్తే, అందులోకి కూడా పాకిందట. స్టేజ్ త్రీ. పళ్ళెం అంచు పట్టుకుని ముప్పై మూడేళ్ళు ఆడిన కాలు అక్కా అది. ఇప్పుడు బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా వాకర్ కావాలి.

పళ్ళెం ఎక్కి తరంగం ఆడేవాళ్ళ అరికాళ్ళు కమిలి ఉంటాయని నీకు తెలుసు. మా స్కూల్లో దానికి పేరే ఉంది, పళ్ళెం మచ్చ. పిల్లలు దాన్ని మెడల్ లాగా ఒకరికొకరు చూపించుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. నేను డాన్స్ టీచర్ని, అనుకోవచ్చు. నువ్వెలా అనుకున్నావే?

గుర్తుందా లేదా? 2022 జూలై, నా శిష్యురాలు రియా రంగప్రవేశం. చివర్లో నేనూ ఒక తరంగం ఆడాలి. గ్రీన్ రూమ్‌లో నువ్వు కింద కూర్చుని నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పారాణి పెట్టావు. "అక్కా, ఈ మచ్చ ఏడాదిగా పోవడం లేదే, ఓసారి చూడు" అన్నాను. అన్నానా, లేదా? నువ్వు కళ్ళజోడు కూడా సర్దుకోలేదు. "పళ్ళెం మచ్చేలేవే, ఫోటోల్లో పడుతుంది, కప్పేస్తా ఉండు" అని పారాణి అంచు వెడల్పు చేసి దాని మీద పూసేశావు. నీ చేత్తో. రెండు కోట్‌లు.

రెండున్నరేళ్ళు అక్కా! అప్పుడు చూపించి ఉంటే చిన్న ముక్క తీసి కుట్టేసి పంపేవాళ్ళమని సర్జన్ అంది.

ఇప్పుడు ఇక్కడివాళ్ళు నా ముందు రెండు కాగితాలు పెట్టారు. ఒకటి ఏడాదిపాటు ఇమ్యూనోథెరపీ ఎక్కించుకోవడానికి. ఇంకొకటి, నా కాల్లోంచి తీసిన ట్యూమర్ ముక్కనీ, నా రక్తాన్నీ రీసెర్చికి ఇవ్వడానికి. మందు మొదలుపెడితే ఏప్రిల్ పదహారులోపు మొదలుపెట్టాలట, ఆపరేషన్ నుంచి పన్నెండు వారాలు. నేను రెండిటి మీదా సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టాలి? పేషెంట్లకని ఒక రంగుల పుస్తకం ఇచ్చారు. ఇరవై నాలుగు ఫోటోలు ఉన్నాయి, లెక్కపెట్టాను. అన్నీ తెల్లవాళ్ళ వీపులు, భుజాలు, ముక్కులు. నాలుగు పేజీలు సన్‌స్క్రీన్ గురించే. అరికాలికి ఎండెక్కడ తగులుతుందే, మనమేమైనా తలకిందులుగా నడుస్తామా? నా రకానికి ఈ మందు ఎంతమందిలో పనిచేస్తుందని డాక్టర్‌ని అడిగితే, "మీ రకం మీద డేటా తక్కువ" అంది. ఎవరివో లెక్కలు చూపించి నా ఒంట్లోకి మందు ఎక్కిస్తారా?

నువ్వు చెప్పు. ఎండ తగలని చోట ఇదెలా వచ్చింది, ఈ మందేమిటి, నా రకానికి డేటా ఎందుకు లేదు. నీ జీతమంతా దీని మీదే కదా వచ్చింది.

సుధ

*

ఫార్మింగ్టన్ హిల్స్,
19 ఫిబ్రవరి 2025

ప్రియమైన సుధకి,

గారు అన్నావు, పడ్డాను. నీ ఉత్తరం చదివి మీ బావగారు లేచి వెళ్ళి డ్రైవ్‌వే మీద మంచు తోసుకుంటూ గంటసేపు బయటే ఉండిపోయారు. ఆయనకి నా మీద కోపం వచ్చినప్పుడు అలాగే చేస్తారు.

పారాణి సంగతి నిజం. నువ్వు చూడమన్నావు. నేను చూడలేదు. ఆ రోజు హాల్లో మూడొందలమంది, మైక్ పనిచేయడం లేదు, రియా వాళ్ళ అమ్మ పూలు రాలేదని ఏడుస్తోంది. ఆ హడావిడిలో నేను సైంటిస్టుని కాదు, నీ అక్కని. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు. నువ్వడిగిన మూడింటికీ నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మన చర్మంలో రంగు తయారుచేసే కణాలుంటాయి. తెల్లవాళ్ళకీ మనకీ వాటి లెక్క దాదాపు ఒకటే, మనవి రంగు ఎక్కువ చేస్తాయి. ఎండ ఏళ్ళ తరబడి తగిలి ఆ కణాల్లోని జీన్ల రాత చెడితే ఒక రకం మెలనోమా వస్తుంది. మీ పుస్తకంలో ఉన్నది అదే. నీది వేరే. అరికాళ్ళలో, అరచేతుల్లో, గోళ్ళ కింద వచ్చే రకం. దానికి ఎండతో పని లేదు. ఎందుకు వస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. పళ్ళెం వల్ల వచ్చిందేమో అని నువ్వు నిద్ర మానుకుంటావని తెలుసు. నడిచేటప్పుడు బరువు పడే చోట ఎక్కువ కనిపిస్తుందని కొందరు రాశారు, కాదని కొందరు రాశారు. ఎవరూ తేల్చలేదు. పళ్ళెం ఎక్కని లక్షలమందికీ వస్తుంది. నీ డాన్స్‌ని తిట్టుకోకు.

మనలాంటి రంగువాళ్ళకి మెలనోమా అరుదు. వచ్చినప్పుడు మాత్రం చాలాసార్లు ఈ రకమే వస్తుంది, ఆలస్యంగా బయటపడుతుంది. దెబ్బ తగిలిన మచ్చ అయితే కొన్ని వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో పోతుంది. పోకుండా కూర్చున్నదాన్ని డాక్టర్‌కి చూపించాలి. అరికాల్లో సన్నటి గీతలుంటాయి చూడు, పొలంలో గట్లూ కాలువలూ ఉన్నట్టు. డెర్మటాలజిస్టులు భూతద్దం లాంటిది పెట్టి చూస్తారు. రంగు కాలువల్లో నిలిస్తే చాలావరకు మామూలు మచ్చ. గట్ల మీద ఉంటే ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ఇది నాకు తెలుసు సుధా. ఆ రోజూ తెలుసు.

ఇక మందు. ఒంట్లో కాపలా కాసే కణాలు తిరుగుతుంటాయి. దొంగ దొరికితే కొడతాయి. అయితే మనవాళ్ళనే కొట్టకుండా వాటికొక బ్రేక్ ఉంటుంది. కేన్సర్ కణం ఎదురొచ్చి తెలిసినవాడిలా చెయ్యి కలిపి ఆ బ్రేక్ నొక్కేస్తుంది. కాపలావాడు కర్ర దించేస్తాడు. ఈ మందు ఆ చెయ్యి కలపనివ్వదు. అంతే, ఇది కీమో కాదు, జుట్టు రాలదు. చిక్కేమిటంటే, బ్రేక్ తీసిన కాపలావాడు ఒక్కోసారి సొంత ఇంటివాళ్ళనీ కొడతాడు. థైరాయిడ్, పేగులు, లివర్, ఊపిరితిత్తులు, చర్మం, ఎక్కడైనా. విరేచనాలైనా, దగ్గైనా, దురదైనా, లేవలేనంత నీరసమైనా, ఆ రోజే హాస్పిటల్‌కి ఫోన్ చేయాలి. టెంపుల్‌లో కనిపించిన డాక్టర్ అంకుల్‌ని అడగడం కాదు.

ఎంతమందిలో పనిచేస్తుంది అన్నావు. ఎండ రకంతో పోలిస్తే నీ రకంలో తక్కువమందిలో పనిచేస్తుంది. పనిచేసినవాళ్ళలో మాత్రం చాలామందికి ఏళ్ళ తరబడి నిలిచింది. నువ్వు ఎటువైపో ముందుగా ఎవరూ చెప్పలేరు. నీ డాక్టర్ అబద్ధం ఆడలేదు, డేటా తక్కువే. అరుదైన రకం కాబట్టి శాంపిల్స్ దొరకవు. దొరకనిదాని మీద రీసెర్చ్ సాగదు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

సంతకం పెట్టు సుధా. నా మీద కోపం మందు మీద చూపించకు. ఏప్రిల్ పదహారు అని మా వంటింటి క్యాలెండర్‌లో గుండ్రంగా గీశాను.

నీ అక్క,
జానకి

*

హెర్న్‌డన్,
17 మార్చి 2025

జానకీదేవి గారికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి వంటింట్లో నిలబడి, రెండోసారి మంచం మీద, మూడోసారి ఒక పెద్ద రెక్లైనర్‌లో కాళ్ళు చాపుకుని, తీరిగ్గా. బాగా రాశావు. గట్లూ కాలువలూ, కాపలావాడూ, అన్నీ అర్థమయ్యాయి. రెండు నెలలుగా ఈ దేశంలో ఒక్కరూ నాకు ఇలా చెప్పలేదు. మెచ్చుకుంటున్నానని సంబరపడకు, ఇంకా అయిపోలేదు.

నీ ఉత్తరం చివర్లో ఒక మాట నాకు గుచ్చుకుంది. "శాంపిల్స్ దొరకవు, ఎవరి తప్పూ లేదు." నువ్వు అబద్ధం ఆడేటప్పుడు ఇలాగే పొట్టి పొట్టి వాక్యాలు మాట్లాడతావు. చిన్నప్పటినుంచీ అంతే. నా జామెట్రీ బాక్స్ పోగొట్టి "కనిపించలేదు, ఎవరూ తీయలేదు" అన్నావు చూడు, అలా.

నైనికని కూర్చోబెట్టి నెట్‌లో నీ పేరు కొట్టించి వెతికించాను. మీ ల్యాబ్ పేపర్లన్నీ తీయించాను. 2009లో వచ్చిన పేపర్, నాలుగో పేరు నీది. అందులో నూట నలభైమంది పేషెంట్ల ట్యూమర్లు. చిన్న అక్షరాల్లో ఒక లైన్ ఉంది. అరికాలు, అరచెయ్యి, గోటి కింద వచ్చిన పదకొండు ట్యూమర్లను విశ్లేషణ నుంచి మినహాయించాము. నైనిక అది చదివి తెలుగులో చెప్పడానికి తంటాలు పడింది. చివరికి, "అమ్మా, పెద్దమ్మ లెవెన్ పీపుల్‌ని తీసేసింది" అంది. దాని వచ్చీరాని తెలుగే సరిగ్గా చెప్పింది.

దొరకలేదా? పదకొండు దొరికాయి కదే! నీ చేతిలోకి వచ్చాయి. తీసి అవతల పెట్టారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించింది నా తోడబుట్టిన అక్కే, అయినా నా విస్తరి ఖాళీ. ఇప్పుడు ఆ డాక్టరమ్మ "మీ రకం మీద డేటా తక్కువ" అని జాలిగా మొహం పెడితే, నేను ఆమెకేం చెప్పాలి? డేటా మా అక్క దగ్గర ఉండేదండీ, పారేసింది అని చెప్పనా?

నిన్నంతా ఒళ్ళు దురద, గీరుకుని గీరుకుని చచ్చాను. ఈ చలికి డ్రై స్కిన్ అని నైనిక లోషన్ రాస్తోంది. దానికి చేతినిండా పని. శనివారం క్లాసులు మాత్రం మానలేదు. కుర్చీలో కూర్చుని తాళం వేస్తున్నాను. హనుమయ్యగారు మృదంగం పక్కన పెట్టి అప్పుడప్పుడు నా కాలి కింద దిండు సర్దుతున్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి చేత కాలు పట్టించుకుంటున్నాను, ఎంత పాపమో.

ఆ పదకొండు సంగతి రాయి. పొట్టి వాక్యాలు వద్దు. అప్పటిదాకా ఏ కాగితం సంగతీ నన్ను అడగకు.

సుధ

*

ఫార్మింగ్టన్ హిల్స్,
24 మార్చి 2025

ప్రియమైన సుధకి,

రాస్తాను. నువ్వడిగినట్టే రాస్తాను.

ఆ లైన్ రాసింది నేనే. మా ల్యాబ్ పెద్దాయన డ్రాఫ్ట్ తయారుచేసి "జానకీ, మెథడ్స్ నువ్వు రాయి" అన్నాడు. అప్పుడు మేము మెలనోమాలో ఏ జీన్లు చెడతాయో చూస్తున్నాం. ఎండ రకంలో సగానికి సగంమందిలో ఒకే జీన్ చెడింది, దానికి మందు కూడా తయారవుతోంది. గ్రాఫ్ చక్కగా వచ్చింది. ఈ పదకొండు మాత్రం దానికి లొంగలేదు. వాటిలో చెడినవి వేరే, చెడిన తీరు వేరే. అవి కలిస్తే గ్రాఫ్ కలగాపులగమైపోతుంది. పెద్దాయన "ఇవి వేరే జబ్బు, పక్కన పెడదాం, తర్వాత విడిగా చూద్దాం" అన్నాడు. మీటింగ్‌లో ఎనిమిదిమంది ఉన్నాం. ఒక్కరూ "ఎందుకు?" అనలేదు. నేనూ అనలేదు.

ఉద్యోగం పోతుందన్న భయం లేదు నాకు. అప్పటికి సిటిజన్‌షిప్ వచ్చి పదేళ్ళు దాటింది. భయపడ్డానని రాస్తే నీకు కొంచెం జాలి కలిగేదేమో. నిజం ఏమిటంటే, నాకసలు తట్టలేదు. ఫ్రీజర్ తీసి ఆ ట్యూమర్ ముక్కలున్న పదకొండు గొట్టాలనీ నా చేత్తోనే ఒక చిన్న డబ్బాలోకి మార్చాను. మూత మీద మార్కర్‌తో "ఇతర" అని రాసి అట్టడుగు అరలో పెట్టాను. పెద్దాయన అన్న ఆ "తర్వాత" ఎప్పటికీ రాలేదు. గ్రాంట్ అయిపోయింది, ఇంకో గ్రాంట్ వచ్చింది, అది కూడా ఎండ రకం మీదే.

పేర్లు మాకు తెలియవు, నంబర్లే. కానీ లిస్టు నేనే టైప్ చేశాను కాబట్టి కొన్ని గుర్తున్నాయి. అరవై ఒక్కేళ్ళ మగమనిషి, కుడి మడమ. నలభై ఎనిమిదేళ్ళ ఆడమనిషి, ఎడమ బొటనవేలి గోరు. జాతి అన్న గడిలో పదకొండుమందిలో ఏడుగురు నల్లవాళ్ళో, ఆసియావాళ్ళో, ఏమీ రాయనివాళ్ళో. ఒకామె ముప్పై నాలుగేళ్ళది. అప్పుడు నాకు వాళ్ళెవరూ మనుషుల్లా అనిపించలేదు. నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి రోజూ ఆ ముప్పై నాలుగేళ్ళ పిల్ల గుర్తొస్తోంది.

గ్రీన్ రూమ్‌లో హడావిడి అని రాశాను కదా, అదీ సాకే. మైక్ బాగుపడినా నేను చూసేదాన్ని కాదు. ముప్పై ఏళ్ళు నేను చూసిన మెలనోమా ఫోటోలన్నీ మీ పుస్తకంలోవే. వాటిని ఏరి పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే నీ పాదం నా ఒళ్ళో ఉన్నప్పుడు నాకు మచ్చ కనబడింది కానీ మెలనోమా కనబడలేదు. గట్లూ కాలువలూ పరీక్షల కోసం చదువుకున్నాను. నా చెల్లెలి కాలికి కూడా అవి ఉంటాయని అనుకోలేదు.

చెప్పాను. ఇక నా కోపం విను, నీకొక్కదానికే ఉందనుకోకు. ఆ పుస్తకంలో నీ కాలు లేదు కాబట్టి మందు ఎక్కించుకోనంటావా? ఎవరి మీద పంతం ఇది? నువ్వు మానేస్తే ఆ పుస్తకం వేసినవాడికి తెలుస్తుందా, మా పెద్దాయనకి తెలుస్తుందా? ఆయన ఫ్లోరిడాలో గోల్ఫ్ ఆడుకుంటున్నాడు. తెలిసేది మనోహర్‌కి, నైనికకి, నాకు. ఇంట్లో దొంగ పడితే నా మీద అలిగి తలుపు తీసి పెట్టుకుంటావా? చిన్నప్పుడు కూడా నా మీద కోపమొస్తే అన్నం మానేసేదానివి. అమ్మ నన్ను కొట్టేది, నువ్వు ఆకలితో మాడేదానివి. ఎవరికి నష్టమే?

నన్ను జన్మంతా తిట్టు. ఆ జన్మ ఉండాలి కదా ముందు. ఇంక ఇరవై మూడు రోజులే ఉన్నాయి.

జానకి

*

ఫార్మింగ్టన్ హిల్స్,
17 ఏప్రిల్ 2025

సుధా,

నిన్నటితో పదహారు దాటిపోయింది. మూడు వారాల మీద మూడు రోజులుగా మెయిల్‌బాక్స్ దగ్గరికి రోజుకి రెండుసార్లు వెళ్ళొస్తున్నాను. మనోహర్ "అది చెప్పొద్దంది వదినా, నన్నడక్కండి" అని పెట్టేశాడు. నైనిక మెసేజ్‌కి ఒక్క అక్షరం జవాబు లేదు. ఏం మనుషులు మీరంతా? నేను చేసింది పాపమే, నేను చచ్చేదాకా మొయ్యాల్సిందే. అంతమాత్రాన ఒక్క ముక్క రాయరా?

మొండిదానా! నీ మొండితనానికి ఏదో ఒక రోజు ఒళ్ళు మండిపోయి నీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది. సూట్‌కేస్ సర్ది గుమ్మం దగ్గర పెట్టాను. "పిలవకుండా వెళ్తే ఆ పిల్ల తలుపు తియ్యదు" అని మీ బావగారు కార్ తాళాలు దాచేశారు.

ఇంకో మాట. నిన్ను ఒప్పించడానికి కాదు, నీకు తెలియాలని రాస్తున్నాను. మా పాత ల్యాబ్‌కి వెళ్ళాను. ఇప్పుడక్కడ ఫ్రీజర్లు చూసేది స్పందన అని వరంగల్ అమ్మాయి, మాస్టర్స్ చేసి చేరింది. సంగతి చెబితే ఇద్దరం చేతులకి గ్లవ్స్ వేసుకుని రెండు గంటలు వెతికాం. డబ్బా ఉంది సుధా. మూత మీద నా రాతే. పదకొండూ ఉన్నాయి. పదహారేళ్ళలో రెండుసార్లు ఫ్రీజర్ చెడిందట, అందులో ఏం మిగిలిందో పరీక్ష చేస్తే కానీ తెలియదు. నాలుగైదు హాస్పిటళ్ళు కలిసి ఈ అరికాలి రకం మీదే కొత్త స్టడీ చేస్తున్నాయి. మీ డాక్టర్ నీ ముందు పెట్టిన రెండో కాగితం దానికే. ఆ స్టడీకి ఇవి పంపొచ్చా అని రాశాను. పర్మిషన్లు కావాలన్నారు. రోజూ ఫోన్ చేస్తున్నాను. వాళ్ళకి విసుగొచ్చినా సరే, చేస్తాను.

వారం, పది రోజులు ఆలస్యమైనా కొందరు డాక్టర్లు ఒప్పుకుంటారు. అడుగు. నీ కాళ్ళు పట్టుకుంటాను, అడుగు. ఈసారి చూసి పట్టుకుంటాను.

అక్క

*

హెర్న్‌డన్,
23 ఏప్రిల్ 2025

ప్రియమైన అక్కా,

ఏడవకు, పూర్తిగా చదువు.

నీ మొదటి ఉత్తరం ఫిబ్రవరి ఇరవై నాలుగున వచ్చింది. మర్నాడే వెళ్ళి మందు కాగితం మీద సంతకం పెట్టాను. మార్చి నాలుగున మొదటి డోసు, ఇరవై ఐదున రెండోది, మొన్న ఏప్రిల్ పదిహేనున మూడోది. నువ్వు మెయిల్‌బాక్స్ చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నప్పుడు నేను మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ సెంటర్‌లో దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. మూడోసారి చదివానన్న ఆ పెద్ద రెక్లైనర్ ఏమిటనుకున్నావు, మా ఇంటిదా? మా ఇంట్లో రెక్లైనర్ లేదని నీకు తెలియదా?

దురద అని కూడా రాశాను. దురదొస్తే ఆ రోజే ఫోన్ చేయాలని రాసింది నువ్వే. ఆ ముక్క చదివిన సైంటిస్టుకి వెంటనే వెలగాలి. నువ్వు మళ్ళీ చూడలేదు అక్కా! కళ్ళ ముందు పెడితే రెండోసారి కూడా చూడలేదు. ఆ దురదకి నేను నువ్వు చెప్పినట్టే హాస్పిటల్‌కి ఫోన్ చేశాను, క్రీమ్ ఇచ్చారు, తగ్గింది. ఈమధ్య థైరాయిడ్ కూడా మొరాయిస్తోంది, దానికో మాత్ర. నీ కాపలావాడు ఇంటివాళ్ళని కొట్టడం మొదలుపెట్టాడు. దొంగని కూడా కొడుతున్నాడో లేదో జూన్‌లో స్కాన్ తీస్తే తెలుస్తుంది. కొడుతున్నాడనే అనుకుంటున్నాను, అనుకోవడానికి డబ్బులు కట్టక్కర్లేదు కదా.

ఎందుకు దాచానంటావు. చెప్పానంటే నువ్వు హమ్మయ్య అనుకుంటావు, ఏడుస్తావు, నాకు స్వీట్లు పంపిస్తావు, ఆ పదకొండు సంగతి ఎప్పటికీ చెప్పవు. నీ సంగతి నాకు తెలుసు. నాకు మందు ఎంత కావాలో ఆ నిజం కూడా అంతే కావాలి. నిన్ను రెండు నెలలు ఉడికించాను. అందుకు నాకేమీ బాధ లేదు. కాస్త ఉంది. ఆ సూట్‌కేస్ మాట దగ్గర.

నీ ఉత్తరాలు నేను ఒక్కదాన్నే చదవలేదు. నీ మొదటి ఉత్తరం శనివారం క్లాస్‌కి వచ్చిన పేరెంట్స్‌కి చదివి వినిపించాను, దొంగా కాపలావాడూ దాకా మొత్తం. ఇద్దరు డాక్టర్లున్నారు వాళ్ళలో, వాళ్ళే ఎక్కువ శ్రద్ధగా విన్నారు. ఆ తర్వాత పిల్లలందరినీ గోడకి ఆనించి కూర్చోబెట్టి కాళ్ళు చాపించి, అరికాళ్ళు ఒక్కొక్కటీ చూశాను. ఇప్పుడు మా స్కూల్లో రూల్ పెట్టాను. ముందు పాదం చూపించాలి, తర్వాతే పారాణి. నెల దాటినా పోని మచ్చని పళ్ళెం మచ్చ అని ఎవరైనా అంటే ఫైన్ వేస్తానన్నాను.

హనుమయ్యగారి బొటనవేలి గోట్లో నల్లటి గీత ఉంది. "మృదంగం దెబ్బేనమ్మా, ముప్పై ఏళ్ళుగా ఉంది" అన్నారు. "మీది మృదంగం మచ్చ, నాది పళ్ళెం మచ్చ, నడవండి" అని వాకర్‌తోనే ఆయన్ని లాక్కెళ్ళాను. చూసి పరీక్ష చేసి, నిజంగానే దెబ్బ తాలూకు మామూలు గీతే అన్నారు. ఆయన నన్ను చూసి నవ్వారు. నవ్వితే నవ్వారు. వచ్చే ఏడాది మళ్ళీ తీసుకెళ్తాను.

నిన్ను క్షమించానని అనుకోకు. క్షమించలేదు. పొద్దున లేచి ఎడమకాలు కింద పెట్టేటప్పుడు రోజూ నీ మీద కోపం వస్తుంది, సాయంత్రానికి కొంచెం తగ్గుతుంది, మర్నాడు మళ్ళీ వస్తుంది. పళ్ళెం ఇంకెప్పటికీ ఎక్కలేను. నిన్న దాన్ని చింతపండు పెట్టి తోమి రియాకి ఇచ్చేశాను. ఇచ్చాక బాత్రూమ్‌లోకి వెళ్ళి చాలాసేపు ఏడ్చాను. నీకిది రాయకూడదనుకున్నాను.

అయితే నువ్వు ఆ పదకొండు గురించి పొట్టి వాక్యాల్లో రాయలేదు. ముప్పై నాలుగేళ్ళ పిల్ల గుర్తొస్తోందని రాశావు. అది చదివిన రోజు రెండో కాగితం తీశాను, రీసెర్చిది. అప్పటిదాకా డ్రాయర్‌లో పడి ఉంది. మొన్న పదిహేనున మందు ఎక్కుతుండగా, సూది లేని చేత్తో సంతకం పెట్టాను. ట్యూమర్ ముక్కా, రక్తమూ, ఆపరేషన్‌కి ముందు తీసిన నా పాదం ఫోటో, అన్నీ ఇచ్చాను. ఫోటోని మాత్రం ఆ రంగుల పుస్తకంలో వేయమని అడిగాను. చూస్తామన్నారు. చూస్తామంటే ఊరుకుంటానా, మీ ఫ్రీజర్లవాళ్ళకి నువ్వు చేస్తున్నట్టే నేనూ రోజూ ఫోన్ చేస్తాను.

సంతకం కింద ఖాళీ ఉంటే తెలుగులో ఒక లైన్ రాశాను. "దీన్ని పక్కన పెట్టకండి." ఫారమ్ తీసుకున్న అమ్మాయి తిప్పి తిప్పి చూసి, ఇదేమిటి, ఎవరు చదవాలి అని అడిగింది. మా అక్క చదువుతుందని చెప్పాను. నువ్వు పక్కన పెట్టింది పదకొండు, ఇది పన్నెండోది. ఆ పదకొండూ వచ్చి దీని పక్కన చేరేదాకా నువ్వు ఫోన్‌లు ఆపకు.

నాలుగో డోసు మే ఆరున, ఉదయం ఎనిమిదింటికి. నా పక్కన ఇంకో కుర్చీ వేస్తారు. ఆ పూట మనోహర్‌ని ఆఫీస్‌కి పంపించేస్తున్నాను. బావగారిని అడిగి కార్ తాళాలు తీసుకో. వచ్చి కూర్చో. ఏడ్చావంటే మాత్రం లేపి పంపించేస్తాను. నంబర్ ఇంకా బ్లాక్‌లోనే ఉంది, కాబట్టి వచ్చేదీ రానిదీ ఉత్తరం రాసే చెప్పు.

ఎడమకాలికి కట్టు విప్పేశారు. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని చూద్దువుగాని.

నీ చెల్లెలు,
సుధ